చుక్క పడితే బ్యాంకు ఉన్నట్టేనా?

2024 మే మొదటి వారం. ఆంధ్రప్రదేశ్‌లో ఎండలు మండిపోతున్నాయి. ఊళ్లలో ముసలివాళ్లు, ఒంటరి ఆడవాళ్లు బ్యాంకుల ముందు బారులు తీరారు. అంతకు ముందు నెలల్లో ఒకటో తారీఖు తెల్లారేసరికి ప్రభుత్వం పెట్టిన ఊరి వాలంటీరు గుమ్మంలోకి వచ్చి పింఛను చేతిలో పెట్టి వెళ్లేవాడు. ఎన్నికల కారణంగా వాలంటీర్లను ఆ పనికి దూరంగా ఉంచారు. ఏప్రిల్‌లో సచివాలయాల దగ్గర పంచారు. మే నెలకు వచ్చేసరికి 65 లక్షల పైచిలుకు పింఛనుదారుల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో వేశారు.

కాగితం మీద ఇది చాలా తేలికైన పని. ఖాతా ఉంది, దానికి ఆధార్ ముడిపడి ఉంది, ఊరికి దగ్గర్లో బ్యాంకో, బ్యాంకు తరఫున డబ్బిచ్చే బ్యాంక్ మిత్రో ఉన్నట్టు రికార్డు ఉంది. కానీ తమ ఖాతా ఏ బ్యాంకులో ఉందో తెలియనివాళ్లు తేలారు. ఏళ్ల తరబడి వాడకపోవడంతో ఖాతా ఆగిపోయినవాళ్లు తేలారు. పడిన పింఛనులోంచే పాత చార్జీలు కోతపడినవాళ్లు తేలారు. నడవలేనివాళ్లు ఆటో మాట్లాడుకుని వచ్చి, ఆ రోజు క్యాష్ అయిపోయిందంటే వెనక్కి వెళ్లారు. ఎవరి నిర్ణయం తప్పు అన్న రాజకీయం ఇక్కడ నాకు అక్కర్లేదు. నాకు పట్టిందల్లా ఒక్కటే. ఆ వారం ముందు వరకూ బ్యాంకింగ్ సేవల పటంలో ఈ ఖాళీలు ఏవీ కనబడలేదు. మనిషి గుమ్మం ముందుకు నడిచి వస్తున్నంత కాలం బ్యాంకు ఎంత దూరమో ఎవరూ కొలిచి చూడలేదు.

ఆర్థిక సేవలు ఎవరికి అందుతున్నాయి, ఎక్కడ అందడం లేదు అని పటం గీయడం ఇప్పుడు పెద్ద పనే అయిపోయింది. రిజర్వ్ బ్యాంకు గీస్తుంది, కేంద్ర ఆర్థిక శాఖ గీస్తుంది, నాబార్డు సర్వే చేస్తుంది, ప్రపంచ బ్యాంకు మూడేళ్లకో నాలుగేళ్లకో దేశాలన్నిటినీ వరసపెట్టి లెక్క తీస్తుంది. ఇన్ని పటాలున్నా ఒకదానికొకటి పొసగవు. ఒకదాని ప్రకారం మన పల్లెల్లో బ్యాంకు లేని ఊరంటూ లేదు. ఇంకోదాని ప్రకారం మన రైతుల్లో అప్పు లేనివాడు అరుదు. రెండూ అబద్ధాలు కావు. ఏ పటం ఏ ప్రశ్నకు జవాబు చెబుతోందో చూడకపోతేనే చిక్కు.

ముందు చుక్క సంగతి.

పటం మీద బ్యాంకు అని ఒక చుక్క పెట్టాలంటే అక్కడ ఏముండాలి? 1969 జూలై 19న 14 బ్యాంకుల్ని జాతీయం చేసిన రోజుల్లో జవాబు సులువు. శాఖ ఉండాలి, మేనేజరు ఉండాలి, ఇనప్పెట్టె ఉండాలి. అదే ఏడాది డిసెంబరులో లీడ్ బ్యాంక్ పథకం వచ్చింది. జిల్లాకో బ్యాంకును పెద్దగా పెట్టి, ఎక్కడ శాఖలు లేవో సర్వే చేయించారు. మన దేశంలో ఆర్థిక సేవల ఖాళీలను జిల్లా వారీగా వెతికే పని అక్కడే మొదలైందనుకోవచ్చు. 1977లో రిజర్వ్ బ్యాంకు ఇంకో మెలిక పెట్టింది. బ్యాంకు ఉన్న ఊళ్లో కొత్త శాఖ ఒకటి తెరవాలంటే, బ్యాంకు లేని ఊళ్లలో నాలుగు తెరవాలి. ఈ నియమం 1990 దాకా నడిచింది. ఆ కాలం మీద రాబిన్ బర్జెస్, రోహిణి పాండే చేసిన అధ్యయనం 2005లో వచ్చింది. పల్లెల్లో శాఖలు పెరిగిన చోట పేదరికం తగ్గిందని అందులో తేలింది. బాకీలు మొండిగా మిగిలిపోవడం కూడా అప్పుడు ఎక్కువే. ఆ రెండో ముక్కే పట్టుకుని తర్వాతి ప్రభుత్వాలు శాఖల విస్తరణకు బ్రేకు వేశాయి.

2006 జనవరిలో రిజర్వ్ బ్యాంకు బిజినెస్ కరస్పాండెంట్లకు అనుమతి ఇచ్చింది. వీళ్లనే పల్లెల్లో బీసీ పాయింట్ అంటారు, బ్యాంక్ మిత్ర అంటారు. శాఖ కట్టాలంటే ఖర్చు. కిరాణా కొట్టతనికో, పదో తరగతి చదివిన డ్వాక్రా మహిళకో ఒక మెషీన్ ఇచ్చి కూర్చోబెడితే ఆ ఖర్చులో కొంతతోనే పని జరుగుతుంది. అప్పటి నుంచి చుక్కలు ఎలా పెరిగాయో చూడండి. 2010 మార్చి నాటికి దేశంలోని గ్రామాల్లో శాఖలు 33 వేల పైచిలుకు, బీసీలు 34 వేల పైచిలుకు. పదేళ్ల తర్వాత, 2020 మార్చికి శాఖలు 54 వేలయ్యాయి. బీసీలు మాత్రం 5 లక్షల 41 వేలు. అంటే పటం నిండింది శాఖలతో కాదు, మెషీన్ పట్టుకున్న మనుషులతో.

2017లో రిజర్వ్ బ్యాంకు నిర్వచనాన్ని కూడా మార్చేసింది. శాఖైనా, బీసీ అయినా, ఒకే చోట రోజుకు కనీసం 4 గంటలు, వారానికి కనీసం 5 రోజులు సేవలందిస్తే అది బ్యాంకింగ్ ఔట్‌లెట్టే. పటం మీద రెండింటికీ చుక్క ఒకటే సైజు. శాఖలో లోను అడగొచ్చు, లాకరు అడగొచ్చు, మేనేజరుతో గొడవ పెట్టుకోవచ్చు. బీసీ దగ్గర మహా అయితే డబ్బు తీసుకోవచ్చు, వేసుకోవచ్చు, బ్యాలెన్స్ చూసుకోవచ్చు, బీమాకు పేరు రాయించుకోవచ్చు. అదీ సిగ్నల్ ఉంటే, సర్వర్ డౌన్ కాకుంటే, అతని గల్లాలో నోట్లు ఉంటే. అతను ఇచ్చే నోట్లు తన సొంత పెట్టుబడిలోంచి తీసేవే. వెయ్యి రూపాయలు తీసిస్తే మిగిలే కమీషన్ కొద్ది రూపాయలు. పింఛన్లు పడిన రోజున అందరూ ఒకేసారి వస్తే మధ్యాహ్నానికి గల్లా ఖాళీ. అతన్ని తప్పుపట్టడానికి లేదు. ఆ ఆదాయంతో ఇల్లు గడవక మానేసి వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు. మనిషి వెళ్లిపోయిన సంగతి రికార్డుకు ఎక్కేదాకా పటం మీద చుక్క అలాగే ఉంటుంది.

ఇంతకూ ఇదే పద్ధతి బాగా పనిచేసిన సందర్భం కూడా మన దగ్గరిదే. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధి కూలి, పింఛన్లు స్మార్ట్‌కార్డు ద్వారా ఊళ్లోనే ఇవ్వడం మొదలుపెట్టింది. వేలిముద్ర వేయించుకుని డబ్బిచ్చేది ఆ ఊరి మహిళే. దీన్ని మురళీధరన్, నీహౌస్, సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 157 మండలాల్లో, సుమారు 1.9 కోట్ల జనాభా మీద పరీక్షించారు. కూలి డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం ఐదో వంతు తగ్గింది, మధ్యలో మాయమయ్యే సొమ్మూ తగ్గింది. పథకం సగమే అమలైనా ఈ ఫలితం వచ్చింది. ఇక్కడ వేలిముద్ర మెషీన్ ఎంత ముఖ్యమో, డబ్బిచ్చే మనిషి ఊరి మనిషి కావడమూ అంతే ముఖ్యమని నా అభిప్రాయం. మెషీన్ మొరాయిస్తే రేపు రమ్మనడానికి ఆవిడ అక్కడే ఉంటుంది మరి.

చుక్క తర్వాత వలయం.

అందరికీ ఆర్థిక సేవలు అందించడానికి 2020 జనవరిలో రిజర్వ్ బ్యాంకు ప్రకటించిన జాతీయ ఆర్థిక సమ్మిళిత వ్యూహంలో మొదటి లక్ష్యం ఇది: 2020 మార్చి కల్లా ప్రతి గ్రామానికీ 5 కిలోమీటర్ల లోపు, కొండ ప్రాంతాల్లో 500 ఇళ్లున్న ప్రతి ఆవాసానికీ ఏదో ఒక బ్యాంకింగ్ సేవ అందాలి. దాన్ని చూసుకోవడానికి జన్‌ధన్ దర్శక్ అనే యాప్ ఉంది. శాఖలు, ఏటీఎంలు, బ్యాంక్ మిత్రలు, పోస్టాఫీసులు అన్నీ పటం మీద కనిపిస్తాయి. ఊరి చుట్టూ 5 కిలోమీటర్ల వలయం గీయి, లోపల చుక్క పడిందా చూడు. పడితే ఆ ఊరు దాటేసినట్టే.

ఆ వలయాన్ని కోనసీమలో ఒక లంక ఊరి మీద గీయండి. గోదావరి అవతలి గట్టున ఉన్న బ్యాంకు వలయంలో పడుతుంది. పటానికి అది రెండు కిలోమీటర్లు. పడవెక్కే మనిషికి, వరద రోజుల్లో, అది ఆ పూటకు లేనట్టే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు చింతూరు, కూనవరం, వీఆర్ పురం మండలాల్లో ఊళ్లకు ఊళ్లే మునిగాయి, రోడ్లు తెగాయి. చేతిలో నగదు అత్యవసరంగా కావలసినది సరిగ్గా అటువంటి వారంలోనే. పాడేరు, అరకు వైపు ఏజెన్సీలో వరద లేకపోయినా కొండ ఉంది. గీత గీస్తే నాలుగు కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు మీద పదిహేను. గిరిజనులు డబ్బు పనులన్నీ సంత రోజుకు పెట్టుకుంటారు. వారంలో ఒక్కరోజు తెరిచే సేవ అయినా ఆ రోజు సంతలో ఉంటే వాళ్లకు అందినట్టు. వారమంతా తెరిచి ఉన్నా సంతకు దూరమైతే అందనట్టే. వలయానికి సంత తెలియదు, వాగు తెలియదు. ఇప్పుడు కొందరు నిపుణులు వలయానికి బదులు రోడ్డు మీద ప్రయాణ సమయం లెక్కగట్టి పటం గీస్తున్నారు. అది మెరుగే, కానీ బస్సు రోజుకు ఎన్నిసార్లు వస్తుందో కూడా అందులో కలపాలి.

ఖాతాల లెక్కకు వస్తే కథ కొంచెం ఉత్సాహంగానే ఉంటుంది. 2014 ఆగస్టు 28న జన్‌ధన్ పథకం మొదలైంది. ఒక్క వారంలో 1.80 కోట్ల ఖాతాలు తెరిచి గిన్నిస్ రికార్డుకెక్కారు. ఇవాళ ఆ ఖాతాలు 50 కోట్లు దాటిపోయాయి, సగానికి పైగా ఆడవాళ్లవే. ప్రపంచ బ్యాంకు ఫైండెక్స్ సర్వే ప్రకారం 2011లో మన పెద్దవాళ్లలో ఖాతా ఉన్నవాళ్లు 35 శాతం. 2014లో 53, 2017లో 80. 2021లో ఒక మెట్టు తగ్గి 78, 2024లో 89. పైగా 2021 నాటికి ఆడ మగ తేడా లేకుండా పోయింది. ఇంత వేగంగా ఈ ఖాళీ పూడ్చిన దేశాలు తక్కువ. మనవాళ్లు చేసిన మంచి పనిని మెచ్చుకోవడానికి మొహమాటం ఎందుకు?

మరి అదే సర్వే ఇంకో ప్రశ్న కూడా అడుగుతుంది. ఏడాదిలో ఒక్కసారైనా డబ్బు వేశారా, తీశారా? 2021లో ఖాతా ఉన్నవాళ్లలో 35 శాతం మంది ఒక్కసారీ వాడలేదన్నారు. తర్వాత ఇది బాగా తగ్గింది. అయినా జన్‌ధన్ ఖాతాల్లో ఐదో వంతు వరకూ వాడుకలో లేనివని 2023లో కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. రెండేళ్ల పాటు ఖాతాదారు లావాదేవీ ఏదీ చేయకపోతే ఖాతా ఆ జాబితాలో చేరుతుంది. దాన్ని మళ్లీ కదిలించడానికి మళ్లీ కేవైసీ, అంటే గుర్తింపు కాగితాలు ఇచ్చుకోవాలి. మే నెలలో ఆ బారుల్లో నిలబడ్డవాళ్లలో ఇలా ఖాతా ఆగిపోయినవాళ్లూ ఉన్నారు.

ఇంకో తిరకాసు ఉంది. ఫైండెక్స్ మన దేశం మొత్తానికి అడిగేది సుమారు 3,000 మందిని. దేశం సంగతి చెప్పడానికి అది చాలు. జిల్లా సంగతి చెప్పడానికి చాలదు, మండలం సంగతి అసలే చెప్పలేదు. మండలం స్థాయిలో దొరికేది బ్యాంకులు ఇచ్చే లెక్కే. అది ఖాతాల్ని లెక్కిస్తుంది, మనుషుల్ని కాదు. ఒకే ఇంట్లో మూడు బ్యాంకుల్లో ఐదు ఖాతాలుంటే ఐదూ లెక్కలోకి వస్తాయి. తలసరి తీద్దామంటే భాగించడానికి జనాభా కావాలి. మన చేతిలో ఉన్న చివరి జనాభా లెక్క 2011 నాటిది. ఈలోగా జిల్లాలే మారిపోయాయి. తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. పాత విశాఖ జిల్లా సగటులో నగరపు అంకెల వెనక పాడేరు కొండలు దాక్కుని ఉండేవి. అల్లూరి సీతారామరాజు జిల్లా విడిగా వచ్చాక ఆ అంకె బయటపడింది. ఖాళీ కొత్తగా పుట్టలేదు, గీత కొత్తగా గీశారంతే. పదేళ్ల పోలిక చూపించే పటం ఏదైనా మీ ముందుకొస్తే ముందు జిల్లాల సరిహద్దులు ఎలా సర్దారో అడగండి.

ఇక అప్పు. అసలు సంగతి ఇక్కడే ఉంది.

దాచుకునే చోటు ఉందా అన్నది ఒక ప్రశ్న, అవసరానికి అప్పు పుడుతుందా అన్నది వేరే ప్రశ్న. రెండోదాన్ని కొలవడానికి బ్యాంకులు వాడే పాత కొలబద్ద రుణ-డిపాజిట్ నిష్పత్తి. ఒక చోట వంద రూపాయల డిపాజిట్ తీసుకుని అక్కడ ఎంత అప్పిచ్చారన్నది. ఇది 40 కంటే తక్కువున్న జిల్లాలకు ప్రత్యేక ఉపసంఘం వేసి నిఘా పెట్టాలని రిజర్వ్ బ్యాంకు నియమం. మన రెండు రాష్ట్రాల్లో ఇది వంద దాటి ఉంటుంది. అంటే ఇక్కడ తీసుకున్న డిపాజిట్ల కంటే ఇచ్చిన అప్పులే ఎక్కువ. తెలంగాణ అంకెలో హైదరాబాదు వాటా ఎంత పెద్దదో చెప్పనక్కర్లేదు. రాష్ట్ర సగటు చూసి ఆదిలాబాదుకు అప్పు బాగా అందుతోందనుకుంటే పప్పులో కాలేసినట్టే.

పటం చూసి నిజంగా విధానం మార్చిన ఒక సందర్భం ఉంది. వ్యవసాయం, చిన్న పరిశ్రమల లాంటి వాటికి బ్యాంకులు తప్పనిసరిగా ఇంత అని ఇవ్వాల్సిన అప్పును ప్రాధాన్య రంగ రుణం అంటారు. 2020లో రిజర్వ్ బ్యాంకు జిల్లాలను తలసరి ప్రాధాన్య రంగ రుణం ప్రకారం విడదీసింది. మనిషికి 6,000 రూపాయల కంటే తక్కువ అందుతున్న జిల్లాలు 184, 25,000 దాటినవి 205. తక్కువున్న జిల్లాలో కొత్తగా వంద రూపాయలు అప్పిస్తే ఆ తప్పనిసరి లెక్కలో బ్యాంకుకు 125గా లెక్కిస్తారు. ఎక్కువున్న చోట ఇస్తే 90 గానే. 2025లో ఆ హద్దుల్ని 9,000కూ 42,000కూ మార్చారు. ఊరికే చూసి పక్కన పెట్టకుండా పటాన్ని బ్యాంకు లాభనష్టాలకు ముడిపెట్టడం తెలివైన పని. చిక్కల్లా ఇది కూడా జిల్లా సగటు మీదే నడుస్తుంది.

ఇప్పుడు ఇంకో అంకె చూద్దాం. 2019లో జాతీయ నమూనా సర్వే రైతు కుటుంబాల అప్పులు లెక్కగట్టింది. దేశం మొత్తం మీద అప్పున్న రైతు కుటుంబాలు 50.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 93.2, తెలంగాణలో 91.7. సగటు బకాయి దేశంలో 74,121 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 2.45 లక్షలు. అటు చివర నాగాలాండ్‌లో అప్పున్న రైతు కుటుంబాలు 6.6 శాతమే.

ఈ పటానికి రంగులు వేయండి. నాగాలాండ్‌కు ఎరుపు వేస్తారా, ఆంధ్రకు వేస్తారా? అందుబాటు కోణంలో చూస్తే నాగాలాండ్ వెనకబడింది, ఆంధ్ర దేశానికే ఆదర్శం. కష్టం కోణంలో చూస్తే రంగులు తారుమారవుతాయి. పత్రికల్లో ఈ అంకె ఎప్పుడూ రెండో కోణంలోనే వస్తుంది, బ్యాంకర్ల సమావేశాల్లో మొదటి కోణంలో. నిజానికి ఇందులో అన్నీ కలిసి ఉన్నాయి. సహకార సంఘం పంట రుణం ఉంది, బంగారం తాకట్టు ఉంది, డ్వాక్రా లింకేజీ ఉంది, ఎరువుల కొట్టు అరువు ఉంది, నూటికి రెండు రూపాయల వడ్డీ ఉంది. ఏడాదికోసారి వడ్డీ కట్టి అసలు తిరగరాయించుకునే బుక్ అడ్జస్ట్‌మెంటూ ఉంది. బ్యాంకు పుస్తకంలో అది కొత్త రుణం. రైతు ఇంట్లో కొత్త రూపాయి రాలేదు.

నిండుగా కనిపించే పటం ఎంత మోసం చేస్తుందో 2010 మనకు నేర్పింది. స్వయం సహాయక బృందాలతో, బ్యాంకు లింకేజీతో, తాకట్టు లేని చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్‌తో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అప్పటికి దేశంలోనే ముందుంది. దేశం మొత్తం మైక్రోఫైనాన్స్‌లో పెద్ద వాటా ఒక్క మన రాష్ట్రానిదే. చుక్కల పటంలో అది విజయం. ఊళ్లో మాత్రం ఒకే ఆడమనిషికి సోమవారం ఒక కంపెనీ కిస్తీ, బుధవారం ఇంకో కంపెనీది. ఒకదాన్ని తీర్చడానికి ఇంకోటి. ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబరులో ఈ కంపెనీలను కట్టడి చేస్తూ రాష్ట్ర ఆర్డినెన్సు వచ్చింది, వసూళ్లు దాదాపు ఆగిపోయాయి. 2011లో మాలేగాం కమిటీ నివేదిక తర్వాత రిజర్వ్ బ్యాంకు ఒకే మనిషికి రెండుకు మించి మైక్రోఫైనాన్స్ సంస్థలు అప్పివ్వకూడదంది. 2022 నుంచి ఇంటి నెల ఆదాయంలో సగానికి మించి కిస్తీలు ఉండకూడదని నియమం. గమనించారా, ఇక్కడ కొలత జిల్లా నుంచి, ఊరి నుంచి దిగి ఇంటి దాకా వచ్చింది. ఎవరికి ఎంత అప్పుందో రాసిపెట్టే క్రెడిట్ బ్యూరోలో పేరు పేరునా నమోదైతే తప్ప ఈ రకం చిక్కు బయటపడదు. కిరాణా అరువు, రోజువారీ ఫైనాన్స్, చిట్టీ పాడుకున్న బాకీ ఆ బ్యూరోలోనూ కనిపించవు, అది వేరే మాట.

ఏ పటంలోనూ కనబడని మనిషి ఒకడు మిగిలాడు. కౌలు రైతు.

గోదావరి డెల్టాలో ఒక ఎకరం తీసుకోండి. పట్టాదారు హైదరాబాదులో ఉంటాడు, లేదా అమెరికాలో. పాసు పుస్తకం అతని పేరు మీద ఉంది, కాబట్టి పంట రుణం కూడా అతని పేరు మీదే. ఆ డబ్బు సాగుకే వెళ్లిందో ఇంకెక్కడికైనా వెళ్లిందో వేరే విషయం. ఆ ఎకరం సాగు చేసేవాడు ముందే కౌలు ఒప్పుకుని, విత్తనానికీ ఎరువుకీ కొట్టు దగ్గర అరువు పెట్టి, పంట ఆ కొట్టువాడి కాటా మీదే తూస్తాడు. బ్యాంకు లెక్కలో ఆ సర్వే నంబరు మీద రుణం ఉంది, కాబట్టి అక్కడ ఖాళీ లేదు. రెండో అప్పు అదే ఎకరం మీద పుట్టదు. అతనికి జన్‌ధన్ ఖాతా ఉంటుంది, ఫోన్‌లో యూపీఐ ఉంటుంది, ఊళ్లోనే బీసీ పాయింట్ ఉంటుంది. ఇప్పటిదాకా చెప్పుకున్న ప్రతి కొలతలోనూ పాసవుతాడు.

దీన్ని సరిచేయడానికి 2011లో ఒక చట్టం చేసి కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు ఇచ్చారు. 2019లో ఆంధ్రప్రదేశ్ ఇంకో చట్టంతో పంట సాగుదారు హక్కు పత్రాలు తెచ్చింది. ఈ రెండో చట్టంలో పత్రం రావాలంటే భూ యజమాని సంతకం పెట్టాలి. పెడితే భూమి చేజారుతుందేమోనన్న భయం, తన రుణానికి అడ్డొస్తుందన్న లెక్క. సంతకం అడిగితే వచ్చే ఏడాది కౌలు ఇంకొకరికి పోతుందేమోనన్న భయం ఇవతలివాడిది. పత్రం చేతికొచ్చినా మేనేజరు ఆ సర్వే నంబరు కంప్యూటర్‌లో కొట్టి చూస్తాడు, పాత రుణం కనిపిస్తుంది.

విచిత్రమేమిటంటే ఈ ఖాళీని గీయడానికి కొత్త సర్వే ఏదీ అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-క్రాప్ ఉంది. ఏ సర్వే నంబరులో ఏ పంట, సాగు చేస్తున్నది ఎవరు అని సీజన్ సీజన్‌కీ పొలం దగ్గరికి వెళ్లి నమోదు చేస్తారు. అదే సర్వే నంబరు మీద పంట రుణం ఎవరి పేరున ఉందో బ్యాంకుల దగ్గర ఉంది. ఈ రెండు జాబితాల్నీ పక్కపక్కన పెట్టి, పేర్లు కలవని నంబర్లకు రంగు వేస్తే చాలు. ఆ పటంలో రంగు ఎక్కువ పడేది ఏజెన్సీ కొండల్లో కాదు, ఊరూరా బ్యాంకు శాఖ ఉన్న డెల్టా కాలువల కింద.